గుండెకు చెప్పి దిగేవాడు

పట్టాభి గారికి ఈ భూమ్మీద రెండంటే ప్రాణం. ఒకటి జువాలజీ, రెండోది తన గొంతు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్న రోడ్డులో, మూడో అంతస్తులో, నూటయాభై మంది పిల్లల ముందు మైకు లేకుండా పాఠం చెప్పే మనిషి ఆయన. అందులోనూ నీళ్ళలో మునిగే జంతువుల పాఠం వచ్చిందంటే ఇంక ఆయన్ని పట్టుకోలేం. బాతు గుండె గట్టు మీద ఎలా కొట్టుకుంటుందో బల్ల మీద చేత్తో దడదడదడదడ దరువేసి, దాని తల పట్టుకుని నీళ్ళలో ముంచితే ఏమవుతుందో దడ్... అని ఆగి, అందరి మొహాలూ చూసి, మళ్ళీ దడ్... అని కొట్టేవాడు. సీల్ అనే సముద్రపు జంతువు మునిగే ముందు ఊపిరి పీల్చుకోదర్రా, వదిలేస్తుంది, దానికి కావలసిన ప్రాణవాయువంతా నెత్తుట్లోనూ కండల్లోనూ మూటగట్టుకుని ఉంటుందర్రా అంటుంటే వెనక బెంచీ వాడు కూడా సెల్‌ఫోన్ జేబులో పెట్టేసేవాడు.

ఇంత చెప్పే మనిషి జన్మలో బాతుని ముట్టుకుని ఎరగడు. సీల్‌ని బొమ్మలో తప్ప చూసి ఎరగడు. భీమవరం దగ్గర కాలవ గట్టున పుట్టి పెరిగి కూడా ఈత రాదు, మోకాలి లోతు నీళ్ళంటే చాలు ఒణుకు. ఈ సంగతి ఆయన భార్య విజయదుర్గకి తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ కూడా మరీ కోపం వస్తేనే ఎత్తేది.

వాళ్ళుండేది ఎల్‌బీ నగర్ చౌరస్తాకి నాలుగు సందుల అవతల, మట్టయ్య ఇంటి పైపోర్షన్‌లో, ఆరేళ్ళుగా కిరాయికి. మట్టయ్యది నల్లగొండ జిల్లా. అరవై రెండేళ్ళు, ఎండిన తుమ్మమొద్దు లాంటి ఒళ్ళు. ఊళ్ళో ఉన్నప్పుడు ఆయన పని బావుల్లో దిగడం. బిందె పడ్డా, మోటారు పడ్డా, ఖర్మకాలి మనిషి పడ్డా, చుట్టు పన్నెండు ఊళ్ళకీ మట్టయ్యే దిక్కు. తరవాత బావులు ఒక్కొక్కటే ఎండాయి. ఎండిన బావిలో దిగడానికి నిచ్చెన చాలు, మట్టయ్యెందుకు? పెళ్ళాం అరుణమ్మని తీసుకుని పట్నం వచ్చి, లారీల మీద పనిచేసి, ఈ ఇల్లు కట్టుకున్నాడు. అయినా ఇప్పటికీ శివార్లలో ఏ తోట బావిలోనో మోటారు పడిందని ఫోనొస్తే చాలు, సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు.

ఆయనకో అలవాటుంది. బావి దగ్గరికి వెళ్ళగానే దిగడు. ఆ బావి నీళ్ళే ఒక ఇత్తడి గిన్నెలో తోడి, గట్టున గొంతుకూర్చుని, మొహం అందులో ముంచి ఊపిరి బిగబడతాడు. అలా మూడుసార్లు. ఆ కాసేపు ఎవరూ పలకరించకూడదు. ఎందుకయ్యా అంటే "గుండెకు జెప్తున్న" అనేవాడు. పట్టాభి గారికి ఈ ముక్క విన్నప్పుడల్లా నవ్వే నవ్వు.

"గుండెకి చెవులున్నాయేవిటండీ మట్టయ్య గారూ? అది పంపు. కండతో చేసిన పంపు. దానికి చెప్పేదేవిటి, అది వినేదేవిటి! ఈ మూఢనమ్మకాలు మానండి."

"పంపే సారూ. పంపు గాబట్కెనే బంజెయ్యకుంటె కాలిపోతది," అనేవాడు మట్టయ్య, బీడీ కూడా ముట్టని నోటితో చల్లగా నవ్వుతూ.

రెండు వేల పదకొండు మే నెల సెలవుల్లో బడంగ్‌పేట్ అవతల ఒక తోట బావిలో మోటారు పడింది. ఇంట్లో ఉక్కపోతకి తాళలేక పట్టాభి గారు కూడా వెంట బయల్దేరాడు. మట్టయ్య గిన్నెలో మొహం పెట్టబోతుంటే ఈయనకి కొంటె బుద్ధి పుట్టింది. "ఏదీ, ఆ చెయ్యిలా ఇవ్వండి, మీ గుండె ఏం వింటుందో చూద్దాం" అని మణికట్టు పట్టుకుని, వాచీ చూసుకుంటూ లెక్కపెట్టాడు. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి నలభై ఆరు. అదే తక్కువ. పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ లెక్కపెట్టాడు. నలభై ఆరే. మట్టయ్య మొహం నీళ్ళలో పెట్టాడు. పట్టాభి గారి వేళ్ళ కింద నాడి ఒకటి కొట్టి, ఆగి, చాలాసేపు ఆగి, ఇంకొకటి కొట్టింది. అర నిమిషంలో పదహారు. అంటే ముప్ఫై రెండు.

ఓరి నాయనోయ్ అనుకున్నాడాయన. ఇరవై రెండేళ్ళుగా తను బల్ల మీద కొడుతున్న దరువు ఇదే! దడ్... అని ఆగి, దడ్. పుస్తకంలో బాతు పక్కన చిన్నక్షరాల్లో రాసే ఉంటుంది, మనిషిలోనూ ఈ గుణం కొంత ఉందని. చల్లని నీళ్ళు మొహానికి తగిలి, ఊపిరి ఆగగానే, మెదడు గుండెకి కబురు పంపుతుంది, నెమ్మదించు, ఉన్న గాలి పొదుపుగా వాడుకో అని. మొహం నుంచే కబురు వెళుతుంది. అచ్చంగా ఈ మనిషి ఆరేళ్ళుగా నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నదే. పరీక్షకి వస్తుందని వేల మంది చేత బట్టీ పట్టించిన తను దాన్ని మూఢనమ్మకం అన్నాడు.

మట్టయ్య దిగాడు. రెండు నిమిషాల పది సెకన్లు. గట్టు మీద పట్టాభి గారికి ఊపిరాడలేదు. మోటారుకి తాడు కట్టి పైకొచ్చిన మనిషి రెండు దమ్ములు తీసి, మామూలుగా మాట్లాడాడు.

"కిందికి వోయినంక చేతులు, కాళ్ళు సల్లవడ్తయి సారూ. ఈడ మాత్రం ఎచ్చగుంటది," అని రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు.

చేతులకీ కాళ్ళకీ నెత్తురు తగ్గించి, గుండెకీ మెదడుకీ అట్టిపెట్టడం. అదీ పుస్తకంలో ఉన్నదే. పట్టాభి గారు జేబులోంచి చిన్న డైరీ తీసి, తేదీ వేసి, అంకెలన్నీ రాసుకున్నాడు. ఇంటికొచ్చాక విజయదుర్గతో, "మన ఇంటాయన మనిషి కాదే, వట్టి అద్భుతం" అన్నాడు. తెలుగు పేపర్లో వంటల పేజీ చూస్తున్న ఆవిడ తలెత్తలేదు. ఆనాటి నుంచి మాత్రం ఆయన మట్టయ్యని చూసే చూపే మారిపోయింది. మెట్ల మీద ఎదురుపడితే దారిచ్చేవాడు.

అలా అని ప్రత్యేక రాష్ట్రం గొడవలో ఇద్దరికీ కుదిరిందనుకోకండి. పొద్దున్నే పేపరు రాగానే మెట్ల మీద మొదలు. "కలిసుంటే తప్పేవిటండీ?" అని ఈయన. "కల్సుండుడు గాదు సారూ, కింద వడుండుడు," అని ఆయన. అరుణమ్మ టీ తెచ్చి ఇద్దరి చేతుల్లోనూ పెట్టేదాకా తెగేది కాదు. టీ అయ్యాక మళ్ళీ మొదలే.

సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూసేశారు, కోచింగ్ సెంటర్ షట్టర్ దించారు. చెప్పడానికి పాఠం లేక పట్టాభి గారి గొంతు ఇంట్లోనే తిరిగి తిరిగి విజయదుర్గ ప్రాణం తీసింది. చౌరస్తా పక్కన దీక్ష టెంటు వేశారు. రోజుకి పది మంది చొప్పున ఒక్క పూట కూర్చుని, సాయంత్రం నిమ్మరసం తాగి లేచేవాళ్ళు. మట్టయ్య మాత్రం మూడు దినాలు కూర్చుంటానన్నాడు. టెంటు పెద్ద లింగస్వామి, లారీ యూనియన్ మనిషి, వయసు చూసి వెనకాడాడు.

"నా బావులకోసం కూసుంట," అన్నాడు మట్టయ్య. "పన్నెండూర్ల బావులు నా కండ్లముందట ఎండినయ్. ఒక్కో బావికి ఒక్కో పూటనన్న కూసోవాలె. గన్ని దినాలు మీరియ్యరు, మూడన్న ఇయ్యున్రి."

రోజూ పొద్దున డాక్టర్ చూసి సరేనంటేనే అన్న షరతు మీద ఒప్పుకున్నారు. మొదటి రోజు గడిచింది. పట్టాభి గారు ఆ వైపు వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెయ్యాలి? దండం పెట్టాలా, వాదించాలా? తన మాట వినగానే ఏ ఊరివాడో తెలిసిపోతుంది. నోరెంత పెద్దదో ధైర్యం అంత చిన్నది ఆయనకి, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

రెండో రోజు పొద్దున తొమ్మిదింటికి అరుణమ్మ మెట్లెక్కి పరుగున వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

"సారూ, మా ఆయనను లేపుతున్రు! గుండె పడిపోయిందంటున్రు. కొత్త డాక్టరమ్మ ఒచ్చింది, నాడి వట్టి చూసి నలుబై రెండే ఉన్నదన్నది. దవాఖానకు దీస్కపోతరంట. గాయినేమొ రానంటున్నడు. నాకు కాళ్ళు చేతులు ఆడ్తలెవ్వు సారూ!"

పట్టాభి గారికి ఒక్క క్షణంలో అంతా బోధపడింది. నలభై రెండు! మట్టయ్యకి అది రోగం కాదు, ఆయన మామూలే అది. ఉపవాసానికి ఇంకో నాలుగు తగ్గి ఉంటుంది. ఆ సంగతి తెలిసినవాడు ఈ ఎల్‌బీ నగర్ మొత్తం మీద తనొక్కడే. చెప్పకపోతే పన్నెండు ఊళ్ళ బావుల కోసం కూర్చున్న మనిషిని స్ట్రెచర్ మీద మోసుకుపోతారు, చాతకాక లేచాడన్న మాట జన్మంతా ఆయన వెంట వస్తుంది. చెప్పాలంటే ఆ టెంటులోకి వెళ్ళాలి, అంతమంది మధ్య తన భీమవరం నోరు విప్పాలి.

"వెళ్తారా?" అంది విజయదుర్గ, గుమ్మంలో నుంచుని.

ఆయన అల్మరాలోంచి డైరీ తీసుకుని, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా దిగాడు.

టెంటు దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. రోడ్డు వారన అంబులెన్స్, దాని వెనక పోలీసు జీపు. లోపల పరుపు మీద మట్టయ్య నిటారుగా కూర్చుని ఉన్నాడు, మెళ్ళో గులాబీ రంగు కండువా, పక్కన ఆయన ఇత్తడి గిన్నె. ఎదురుగా డాక్టర్, పాతికేళ్ళ పిల్ల, మొహం పాలిపోయి ఉంది. చుట్టూ కుర్రాళ్ళు అరుస్తున్నారు, కావాలనే లేపుతున్రు, కుట్ర ఇది అని. లింగస్వామి రెండు చేతులూ పైకెత్తి ఆపుతున్నాడు.

"ఒక్క మాట చెప్పనివ్వండి!" అన్నాడు పట్టాభి గారు. ఆ గొంతు మైకు లేకుండా నూటయాభై మందికి వినిపించే గొంతు. అందరూ తిరిగారు. మాట యాస కూడా అందరికీ వినబడింది.

"ఎవరయ్యా నువ్వు? మా మట్టయ్య గుండెతోని నీకేం పని?" అన్నాడొక కుర్రాడు, ముందుకొస్తూ.

"మా కిరాయి సారు. రానియ్యిరా," అన్నాడు మట్టయ్య పరుపు మీంచి.

డాక్టర్ పిల్ల ఈయన్ని చూసి కళ్ళు పెద్దవి చేసింది. "పట్టాభి సార్! నేను సార్, మృదులని. మీరు మాకు బాతు గుండె చెప్పారు."

చెప్పిన వేల మందిలో ఈ అమ్మాయి ఏ బెంచీలో కూర్చునేదో ఆయనకేం గుర్తుంటుంది! అయినా ప్రాణం లేచొచ్చింది. డైరీ తెరిచి, మే నెల పేజీ చూపించి, బావి, గిన్నె, నలభై ఆరు, ముప్ఫై రెండు, అంతా గబగబా చెప్పాడు. ఆ పిల్ల శ్రద్ధగా విని, తల అడ్డంగా ఊపింది.

"పరుగులు తీసేవాళ్ళకీ ఈత కొట్టేవాళ్ళకీ గుండె నెమ్మదిగా కొట్టుకుంటుందని నాకూ తెలుసు సార్. కానీ ఈయనకి అరవై రెండు. తిండి లేక ఒకటిన్నర రోజు. ఇది గట్టి గుండె నెమ్మదో, అలిసిపోయిన గుండె నెమ్మదో డైరీ చూసి నేనెలా చెప్పను? ఏదన్నా అయితే?"

ఆ ప్రశ్నకి పట్టాభి గారికి కోపం రాలేదు, ముచ్చటేసింది. తను పాఠంలో అడగవలసిన ప్రశ్న అది. "కష్టపెట్టి చూద్దామమ్మా," అన్నాడు. "అలిసిపోయిన గుండెకి పని చెబితే అందుకోలేదు. గట్టి గుండె పని చెప్పగానే లేస్తుంది, పని అవగానే కూర్చుంటుంది. మట్టయ్య గారూ, లేవండి. ఓ ఇరవై గుంజీళ్ళు తియ్యండి."

అయ్యో, ఎంత మాట అన్నాడు! టెంటంతా ఒక్కసారి భగ్గుమంది.

"దీక్షల కూసున్న పెద్దమనిషితోని ఆంధ్ర సారు గుంజీలు దీపిస్తడా? బడి పోరడనుకున్నవా?" ముందున్న కుర్రాడు కాలరు పట్టుకోవడానికే వచ్చాడు. లింగస్వామి మొహం కూడా ఎర్రబడింది. ఇరవై రెండేళ్ళ మేష్టరు బుద్ధి, సమయం సందర్భం చూడకుండా నోట్లోంచి ఊడిపడింది. పట్టాభి గారికి వెనక్కి తిరిగి సందులో పడిపోదామా అనిపించింది. మట్టయ్య వైపు చూశాడు. ఆయన నెమ్మదిగా లేచి నుంచుంటున్నాడు.

"నేనూ తీస్తాను," అన్నాడు పట్టాభి గారు. గొంతు చిన్నదైపోయింది. "ఆయనతో పాటు నేనూ తీస్తాను. ఇద్దరి నాడీ చూడమ్మా."

ఆయన రెండు చేతులతో చెవులు పట్టుకున్నాడు. పొట్ట అడ్డం వస్తున్నా కూర్చున్నాడు, లేచాడు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కన మట్టయ్య చెవులు పట్టుకోకుండా, చేతులు ముందుకి చాపి, పొలం గట్టు మీద కూర్చుని లేచినంత తేలిగ్గా తీస్తున్నాడు. ఎనిమిదో గుంజీకి పట్టాభి గారి మోకాళ్ళు టకటకలాడాయి. పన్నెండుకి చెమట కళ్ళలోకి కారింది. కుర్రాళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టారు, ముందు వెక్కిరింతకి, తరవాత ఉత్సాహం పట్టలేక. "పద్దెనిమిది! పందొమ్మిది! సారూ, ఇంకొక్కటి, ఇంకొక్కటి!" ఇరవై అనగానే ఆయన పరుపు పక్కన కూలబడ్డాడు.

మృదుల ఇద్దరి మణికట్లూ రెండు చేతులతో పట్టుకుంది. ముందు మట్టయ్యది లెక్కపెట్టింది.

"డెబ్భై ఎనిమిది," అంది, ఆశ్చర్యపోతూ. తరవాత ఈయనది. "సార్... నూట యాభై రెండు."

రెండు నిమిషాలు ఆగింది. మళ్ళీ పట్టింది. మట్టయ్యది నలభై నాలుగుకి వచ్చేసింది. పట్టాభి గారిది ఇంకా నూట ఇరవై. ఆయన నోరు తెరుచుకుని గాలి మింగుతున్నాడు.

"దవాఖానకి తీసుకెళ్ళాల్సింది మిమ్మల్ని సార్," అంది మృదుల. టెంటు టెంటంతా గొల్లుమంది. ముందు కాలరు పట్టుకోబోయిన కుర్రాడే నీళ్ళ సీసా మూత తీసి పట్టాభి గారి చేతికిచ్చాడు.

ఆ పిల్ల మాత్రం నవ్వులో పడి పని మరవలేదు. ఇసీజీ మిషన్ టెంటుకే తెప్పించింది. పరుపు మీదే తీసి, కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, నెమ్మదిగా ఉంది కానీ నిక్షేపంలా ఉందంది. నీళ్ళు మానకూడదని చెప్పి, మూడు గంటలకోసారి తనే వచ్చి చూస్తానంది. అంబులెన్స్ వెనక్కి పోయింది, దాని వెనకే జీపు. పట్టాభి గారు లేచి జనం వైపు తిరిగాడు. ఆయాసం ఇంకా తగ్గలేదు, అయినా ఊరుకోలేకపోయాడు. బల్ల లేకపోతే గిన్నె తిరగేసి, దాని మీద దరువేసి చెప్పాడు, బాతు గుండె, సీల్ గుండె, మట్టయ్య గుండె. సమ్మె మొదలయ్యాక ఆయన చెప్పిన మొదటి పాఠం అది. అరుణమ్మ టెంటు గుంజని ఆనుకుని, నలభై ఏళ్ళుగా కాపురం చేసిన మనిషిని కొత్తగా చూసినట్టు చూస్తూ వింది.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి దీక్ష ముగిసింది. నిమ్మరసం ఇవ్వడానికి ఎవరో పెద్దాయన్ని పిలిపించాడు లింగస్వామి. గ్లాసు ముందుకి రాగానే మట్టయ్య తల అడ్డంగా ఊపాడు.

"మా సారును విలువున్రి."

పట్టాభి గారు వెనక వరసలో ఉన్నాడు. జనం దారిచ్చారు. ఆయన గ్లాసు అందుకున్నాడు. వంగి, మట్టయ్యకి మాత్రమే వినబడేలా అన్నాడు, "చూడండి, నేను మీ రాష్ట్రానికి ఒప్పుకున్నట్టు కాదు. ముందే చెబుతున్నా."

"ఎరికే సారూ. నా గుండెకు ఒప్పుకున్నవ్ గదా. గా ముచ్చట పొద్దుగాల మెట్ల మీద చూస్కుందాం," అన్నాడు మట్టయ్య. గ్లాసు అందుకోవడానికి చాచిన చెయ్యి గ్లాసు దాటి పట్టాభి గారి మణికట్టు పట్టుకుంది. బావుల్లో మోటార్లు తడిమిన వేళ్ళు. కాసేపు కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఏంది సారూ, గిట్ల ఉరుకుతున్నది? జర చెప్పు దానికి," అని గిన్నె నిండా నీళ్ళు పోయించి ముందుకి జరిపాడు.

మోకాలి లోతు నీళ్ళకే ఒణికే పట్టాభి గారు అందరూ చూస్తుండగా గొంతుకూర్చున్నాడు. గ్లాసు పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టి మొహం నీళ్ళలో ముంచాడు. చల్లగా ఉంది, చీకటిగా ఉంది, భయంగా ఉంది. టెంటులో రణగొణ ధ్వని అంతా దూరమైపోయింది. మణికట్టు మీద మట్టయ్య చెయ్యి మాత్రం ఉంది. ఆ చెయ్యి కింద తన గుండె దడదడదడ, దడదడ, దడ్... అని, ఇరవై రెండేళ్ళుగా బల్ల మీద కొట్టినట్టే నెమ్మదించడం ఆయనకే తెలిసింది.

"ఇన్నది సారూ," అన్నాడు మట్టయ్య. "నీ గుండె గూడ ఇన్నది."

అప్పుడు సారు చేతి మీదుగా నిమ్మరసం తాగాడు.